షిఫ్టుల లెక్క తప్పిన నలభై ఏడు రోజులు

1971 జూన్ ఒకటి, మంగళవారం. పొద్దున పదింటికి నల్లా నీళ్లు వచ్చాయి. గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరసకంతా ఒకటే నల్లా. సబ్బునీళ్లు పడ్డ బండ మీద కాలు జారి వెల్లకిలా పడ్డాను. తల వెనకభాగం గచ్చుకు తగిలింది. ఇదంతా పక్క క్వార్టరు అక్క చెప్పగా తెలిసిందే. ఆ పూట పొయ్యి మీద ఏం పెట్టి వచ్చానో ఇప్పటికీ గుర్తు రాలేదు.

మా ఆయన బొగ్గుబాయిలో మొదటి షిఫ్టులో ఉన్నాడు. అక్కే నన్ను రిక్షాలో దవాఖానకు తీసుకుపోయింది. దారిలో రెండుసార్లు వాంతి అయింది. డాక్టరు కళ్లలోకి లైటు వేసి చూశాడు. ఒక రోజు అక్కడే ఉంచుకుని, ఎముక విరగలేదు, మెదడు అదిరింది అన్నాడు. చీకటి గదిలో పడుకోవాలట. చదవకూడదు, లెక్కలు చేయకూడదు.

"ఎన్ని రోజులు?" అని అడిగాను.

"కొందరికి పది రోజులు, కొందరికి ఆరు వారాలు. మూడు నెలలు పట్టినవాళ్లూ ఉన్నారు."

"నాకెన్ని?"

"తేదీ వేసి చేతికివ్వడానికి ఇది రేషన్ కార్డు కాదమ్మా."

తేదీ ఎందుకు అడిగానో ఆయనకు తెలియదు. మా వరసలో ఎనిమిది ఇళ్లు. మగవాళ్లు వేరువేరు బాయిల్లో పనిచేసేవారు. సోమవారం సోమవారం షిఫ్టు మారేది: మొదటిది, రెండోది, రాత్రిది. పెళ్లికి పోవాలన్నా, ఊరికి పోవాలన్నా ఆ రోజుకు తమ ఇంటాయన ఏ షిఫ్టులో ఉంటాడో ఆడవాళ్లంతా నన్నే అడిగేవారు. వారాలు లెక్కపెట్టి, మూడుతో భాగించి, మిగిలినదాన్ని బట్టి చెప్పేదాన్ని. ఆ వరసలో నాకున్న మర్యాదంతా ఆ లెక్కదే.

ఇప్పుడు సైరన్ మోగితే తలలో మేకు దిగినట్టుండేది. వెలుతురు చూడలేకపోయేదాన్ని. డాక్టరు వద్దన్నా దుప్పటి కప్పుకుని ఎక్కాలు చెప్పుకునేదాన్ని. పదమూడో ఎక్కం అయిదు దగ్గరే ఆగిపోయేది. చెప్పుకున్న ప్రతిసారీ నొప్పి పెరిగేది.

పద్నాలుగో రోజు, సోమవారం, తల తేలికగా అనిపించింది. లేచి వంట చేశాను. ఈ వారం రెండో షిఫ్టు అని చెప్పి, టిఫిన్ గిన్నె చేతికిచ్చి మధ్యాహ్నం ఆయన్ను పంపాను. గంటలో గిన్నె ఊపుకుంటూ తిరిగొచ్చాడు.

"దీపాలిచ్చే లాంపు రూంల ఆయన, 'ఏం కాకా, రాత్రి బువ్వ పగలే తెచ్చినవ్' అన్నడు. అందరు ఒకటే నవ్వుడు."

"పోయిన వారం చేసింది రెండో షిఫ్టే గద! అనుమానం రాలేదా మీకు?"

"వచ్చింది. నువ్వు చెప్పినంక, బాయోళ్లే తప్పనుకున్న."

ఆయన నవ్వుతూనే ఉన్నాడు. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. ఒక్క షిఫ్టు తప్పినందుకు కాదు, లెక్క ఇక ఎప్పటికీ రాదేమోనని.

డాక్టరు దగ్గర ఎక్కాల సంగతి ఒప్పుకున్నాను. ఆయన కోప్పడ్డాడు. "విరిగిన కాలు అతుక్కుందో లేదో రోజూ గెంతి చూసుకుంటావా? నీ లెక్క ఎక్కడికీ పోలేదు. దాన్ని కొన్నాళ్లు వదిలెయ్."

అక్క మా అరుగు గోడ మీద బొగ్గుముక్కతో వారానికొక గీత గీసి పెట్టింది. "నీ లెక్క నేను జూస్త. నువ్వు పండు," అంది.

నేను పడుకున్నాను. పరీక్షించుకోకుండా ఉండడమే అన్నిటికన్నా కష్టమైంది. ముందు వెలుతురు బాధ పోయింది, తర్వాత సైరన్ బాధ. వంగితే కళ్లు తిరగడం మాత్రం మిగిలింది.

జూలై పదిహేడు, శనివారం. అరుగు మీద బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. అక్క గోడ దగ్గర నిలబడి, రాబోయే వారాలకూ గీతలు గీసి లెక్కపెడుతోంది. ఆగస్టు పదకొండు, బుధవారం నాడు కమాన్‌పూర్ చర్చిలో వాళ్ల చెల్లెలి పెళ్లి. అక్క భర్తది ఈ వారం రెండో షిఫ్టు.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. అయ్యో, మొదటి షిఫ్టు పడ్డది. లీవు పెట్టాలె."

"ఈ వారాన్ని గూడ కలిపినవక్కా. నాలుగే వారాలు. రాత్రి షిఫ్టు," అన్నాను, చేటలోంచి తల ఎత్తకుండానే.

అక్క మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది. అప్పుడు గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. చేట పక్కన పెట్టేశాను.

"ఇంకోటి అడుగు," అన్నాను.

ఎనిమిది ఇళ్లవీ అడిగింది. ఎనిమిదీ చెప్పాను. తల నొప్పి పుట్టలేదు.

"అయితే మావోడు రాత్రి డ్యూటీ దిగి అటే పెండ్లికొస్తడు," అంది అక్క కళ్లు తుడుచుకుంటూ. "పాస్టరు ముందల గుర్రు పెడ్తడు, చూస్కో."

జూన్ ముప్పై, జూలై పదిహేడు, కలిపి నలభై ఏడు రోజులు. డాక్టరుకు చెబితే, "ఆరు వారాలన్నానుగా," అన్నాడు. అయిదు రోజులు ఎక్కువైందని చెప్పాను. కళ్లు తిరగడం ఆగస్టు చివరిదాకా ఉండి, తర్వాత తగ్గింది.

మా ఆయన తడిగుడ్డతో గోడ తుడవబోతే వద్దన్నాను. ప్రతి సోమవారం నేనే ఒక గీత గీసేదాన్ని. షిఫ్టు చెప్పి గిన్నె చేతికిస్తే, ఆయన గడప దాటుతూ ఆ గీతలవైపు ఒక్కసారి చూసేవాడు. నేను చూడనట్టే ఉండేదాన్ని.