ఇన్నాళ్లూ తప్పలేదని

పక్కింటి లెక్కల మాస్టారు రిటైరయ్యాక పడకగది తలుపునే నల్లబల్ల చేసుకున్నారు. పొద్దున్నే సుద్దతో నింపడం, మధ్యాహ్నానికి పళ్లు కొరుక్కుంటూ చొక్కా చేతితో తుడిచేయడం. నెరిసిన మీసానికి సుద్దపొడి తోడు. ఆయన పట్టుకున్న సూత్రమొకటి ఏ అంకెకు వేసి చూసినా నిజమేనట, రుజువు మాత్రం చిక్కదట.

"ఒక్కసారీ తప్పలేదంటున్నారుగా, ఇంకా ఈ తలనొప్పెందుకండీ?" అంది భార్య, ఆ చొక్కాలు ఉతకలేక.

"ఇన్నాళ్లూ తప్పలేదని రేపూ తప్పదంటే ఎలాగే, మొద్దూ!" అని కసిరారు.

"మరి ఇన్నాళ్లూ ఉన్నానని రేపూ ఉంటానని మీకెవరు చెప్పారో!" అని ఆవిడ విసురుగా వంటింట్లోకి వెళ్లిపోయింది.

మాస్టారు ఆ పూట సుద్ద ముట్టలేదు. తలుపు బార్లా తెరిచి కూర్చుని, గిన్నెల చప్పుడు ఆగినప్పుడల్లా "ఏమేవ్, ఉన్నావా?" అని కేకేశారు. ఆవిడ వింటూనే ఉంది, పలకలేదు.