చెవితో వండిన బీన్సు

మా వీధి చివరి ఇండియన్ రెస్టారెంటు మూసేశారన్న కబురు మొదట తెచ్చింది పై అంతస్తులో ఉండే అమ్మాయి. జర్మనీలోని ఈ జార్‌బ్రూకెన్‌లో ఎమ్మెస్ చదువుతూ, సాయంత్రాలు అక్కడ గిన్నెలు కడిగేది. మెట్ల మీద దూరంగా నిలబడి మాస్కులోంచి చెప్పింది: "లాక్‌డౌన్ అయ్యేదాంక పార్సిల్ కూడా లేదంట, ఆంటీ."

శనివారాలు మావారు అక్కడినుంచే కూరలు తెచ్చేవారు. పోనీలే, ఇంట్లో వండుకుంటాం అనుకున్నాను. నెల తిరక్కుండా ఆయనకు కరోనా వచ్చింది. రుచీ వాసనా పోయాయి. పడగ్గది తలుపు దగ్గర పెట్టిన పళ్లెం పెట్టినట్టే ఉండేది. "తడిగుడ్డ నమిలినట్టుంది, వద్దు," అనేవారు లోపలినుంచి. ఇలాగే తినకపోతే ఆసుపత్రిలో చేర్చక తప్పదని డాక్టరు ఫోనులో చెప్పారు. చేర్చితే నన్ను లోపలికి రానివ్వరు.

ఒకరోజు ఆయనే, "ఆ రెస్టారెంటు బీన్సయితే తినేవాణ్ణేమో," అన్నారు.

చదువైనా వంటైనా అమ్మ దగ్గర ఇంట్లోనే నేర్చుకున్నదాన్ని. మూత పెట్టి, నీళ్లు చిలకరించి మగ్గబెట్టాను. ఆయన ముట్టలేదు. అప్పుడు పై అమ్మాయి ఆ వంటాయన నంబరు ఇచ్చింది. కరీంనగర్ వైపు మనిషి.

"మూత పెట్టిన్రా? అయ్యో అక్కా, అవి బీన్సా, పప్పా?" అన్నాడు. "ఉప్పేసిన నీళ్లు మసిలినంక మూడు నిమిషాలే ఉడకాలె. తీసి ఐసు నీళ్లల్ల ఎయ్యాలె. ఒకటి తిని చూడుండ్రి."

"ఇంట్లో వండింది నైవేద్యం పెట్టకుండా నోట్లో వేసుకోను, తమ్ముడూ."

"మరి ఉప్పెట్ల తెలుస్తది?"

"చేతికి తెలుస్తుంది."

"చేతికే తెలిస్తే మా ఓనరు నాకు జీతమెందుకిచ్చినట్టు?" అని నవ్వాడు. "సరే, నాలుక వద్దు, చెవి పెట్టుండ్రి. ఫోను పొయ్యి దగ్గర పెట్టుండ్రి, నేను గూడ చప్పుడు ఇంట."

ఐసు నీళ్లలోంచి తీసిన బీన్సును బట్టతో చుక్క తడి లేకుండా తుడిచాను. మూకుడు బాగా కాగాక నూనె పోసి, గుప్పెడు వేశాను. చుర్రుమంది. ఇంకో రెండు గుప్పెళ్లు పడగానే ఆ చప్పుడు మందగించింది.

"ఎక్కువైనయ్, సగం తీయుండ్రి!" అని ఫోనులోంచి అరిచాడు.

అలా గుప్పెడు గుప్పెడుగా, చుర్రు తగ్గకుండా వేయించాను. తమ్ముడు వేయమన్న వెల్లుల్లి మాత్రం నైవేద్యానికి కూడదు, నా వల్ల కాలేదు. నువ్వులూ మిరియాల పొడీ చల్లాను. స్వామి ముందు పెట్టి, ఆ తర్వాత తలుపు దగ్గర పెట్టి, ఇవతల నిలబడ్డాను. కాసేపటికి కరకరమని వినిపించింది.

"రుచి తెలుస్తోందాండీ?"

"లేదు. పళ్లకు మాత్రం తెలుస్తోంది. ఇంకా ఉన్నాయా?"

ఉన్నాయి. మర్నాడు క్యారెట్టు, ఆ మర్నాడు గోబీ. ఆసుపత్రి గడప తొక్కే పని పడలేదు. స్వామి దయ.

ఆ రెస్టారెంటు మళ్లీ తెరవలేదు. వంటాయన డ్రెస్డెన్‌లో ఏదో హోటల్లో చేరాడని అమ్మాయి చెప్పింది. తర్వాత ఆ నంబరు కలవలేదు. ఏళ్ల తరబడి ఆయన చేతి వంట తిన్నాను గాని, మనిషిని ఒక్కసారీ చూడలేదు. ఇప్పటికీ నైవేద్యం పెట్టేటప్పుడు ఆ గొంతు గుర్తొస్తుంది. మీ మూకుడు చుర్రుమన్నప్పుడు మీరూ ఆ తమ్ముణ్ణి ఒకసారి తలచుకోండి. ఎక్కడున్నా చల్లగా ఉండాలని అనుకోండి.