కోట మీద నా పంటిగాటు

చరిత్రలో కోటల మీద ఏనుగులతో, ఫిరంగులతో దాడి చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. పళ్లతో దాడి చేసింది మాత్రం, నాకు తెలిసి, నేనొక్కణ్ణే. నవ్వుకోండి, పర్వాలేదు. కానీ ఆ రోజు నేను పాడుచేసింది కోటలోని వస్తువొక్కదాన్నే కాదు. ఆ రెండోది తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వు రాదు.

అప్పట్లో న్యూజీలాండ్‌లోని పాపకూర అనే ఊళ్లో ఉండేవాణ్ణి. చదువైపోయి, ఉద్యోగం దొరికి, ఇక్కడే ఉండిపోవచ్చని కొత్తగా రెసిడెన్సీ వచ్చింది. దాంతోపాటు కాస్త దొరతనం కూడా వచ్చింది. మా వీధిలోనే ఉండే నా స్నేహితుడు రవి దగ్గరికి వాళ్లమ్మ కనకదుర్గ ఆంటీ రాజమండ్రి నుంచి వచ్చారు. ఆవిడున్నన్నాళ్లూ నా ఫ్లాట్‌లో పొయ్యి వెలిగితే ఒట్టు. ఆవిడ తిరుగు ప్రయాణం దగ్గరపడ్డాక, అందరం కలిసి ఎక్కడికైనా వెళ్దామనుకున్నాం. కోట చూపిస్తానని నేనే ముందుకొచ్చాను. ఎప్పుడో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఒక దొర, సొంతూరి మీద బెంగతో ఇక్కడి కొండ మీద కట్టుకున్న ఇంగ్లిష్ కోట అది.

"అయితే పొద్దున్నే లేచి పులిహోర కలిపేస్తాను. ఆ పచ్చిక మీద కూర్చోబెట్టి అందరికీ నా చేత్తో పెడతాను. మళ్లీ ఎప్పుడొస్తానో ఏమో," అన్నారు ఆంటీ.

నా కళ్ల ముందు ఇంగువ వాసన కోట గోడలెక్కింది.

"వద్దాంటీ! అక్కడ గిన్నెలు విప్పుకుని కూర్చుంటే బాగోదు. లోపల కేఫ్ ఉంది. దొరల్లాగా టీ తాగి, స్కోన్లు తిందాం."

"స్కోన్లంటే?"

"బన్నుల్లాంటివి."

"బన్ను కోసం అంత దూరమెందుకయ్యా?"

రవి కలగజేసుకున్నాడు. "కేఫ్ తెరిచుంటుందో లేదో ఫోన్ చేశావా?"

"ఇది న్యూజీలాండ్‌రా బాబూ. ఇక్కడన్నీ పద్ధతిగా ఉంటాయి."

అయినా శనివారం ఉదయం ఆవిడ తువ్వాలు చుట్టిన గిన్నెతో కారు దగ్గర నిలబడ్డారు. నేను దాన్ని ఆవిడ చేతుల్లోంచి తీసుకుని, రవి వాళ్ల వంటింటి గట్టు మీద పెట్టి వచ్చాను. ఆవిడ చీర కుచ్చిళ్లు సర్దుకుని కారెక్కారు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఇక్కడ జనవరంటే నడివేసవి. ఆ ఎండలో, సెకండ్ హ్యాండ్ షాపులో కొన్న ఉన్ని కోటు తొడుక్కుని, దారంతా చెమటలు కక్కుతూ దొరల మర్యాదల గురించి ఉపన్యాసమిచ్చాను. మధ్యాహ్నానికి చేరుకున్నాం. కేఫ్ తలుపుకి బోర్డు వేలాడుతోంది: ఈ రోజు పెళ్లి విందు ఉంది, కేఫ్ మూసేశాం.

"పద్ధతిగానే మూశారు," అన్నాడు రవి.

కొండ కింద డెయిరీ ఉంది, మన చిల్లర కొట్టు లాంటిదే. కానీ వెళ్లొచ్చేంత సమయం లేదు, టూర్ మొదలైపోతోంది. తెల్లజుట్టు గైడమ్మ ఒక్కో గదీ చూపిస్తూ, గోడ మీది పటాల్లోవాళ్లు ఎవరెవరికి ఏమవుతారో వివరిస్తోంది. నా కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. చివరికి భోజనాల గది వచ్చింది. పొడవాటి బల్ల, వెండి గిన్నెలు, ఒక పళ్లెం నిండా ద్రాక్షలు, బేరిపళ్లు, ఎర్రగా నిగనిగలాడే ఆపిల్స్. అందరూ పక్కగదిలోకి వెళ్లారు. నేను వెళ్లలేదు. బల్లకి అడ్డంగా కట్టిన తాడు మీదుగా వంగి ఒక ఆపిల్ తీసి, గట్టిగా కొరికాను.

పళ్లు దిగాయి. మళ్లీ పైకి రాలేదు.

"అయ్యో డియర్," అంది గుమ్మంలోంచి గైడమ్మ, ఇంగ్లిష్‌లో, ఎంతో మెల్లగా. "అది మైనం."

అప్పటికి అందరూ వెనక్కొచ్చేశారు.

"తిన్నావా దాన్ని?" అన్నాడు రవి.

"ఊఁహూఁ," అన్నాను. అంతకు మించి నోరు తెరుచుకుంటే కదా!

ఎలాగో ఊడబెరుక్కుని, గైడమ్మని క్షమించమని బతిమాలాను. ఆవిడ ఆపిల్‌ని తుడిచి, కొరికిన వైపు వెనక్కి తిప్పి పళ్లెంలో పెట్టేసింది. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆంటీ నవ్వలేదు.

"ఇంత ఆకలేస్తోందని చెప్పొద్దూ?" అంటూ హ్యాండ్‌బ్యాగంతా వెతికారు. ఒక్క యాలక్కాయ దొరికింది. దాన్నే నా చేతిలో పెట్టారు.

సాయంత్రం అందరూ రవి ఇంట్లో కూర్చుని ఆ పులిహోర గిన్నె ఖాళీ చేశారట. ఆంటీ నన్నూ తినడానికి రమ్మని పేరుపెట్టి పిలిచారు. నేను ముఖం చెల్లక, తలనొప్పని చెప్పి ఇంటికెళ్లి బ్రెడ్డు తిన్నాను. తర్వాతి వారం ఆవిడ వెళ్లిపోయారు. మోకాళ్ల నొప్పులతో మళ్లీ రాలేకపోయారు. ఆవిడ కోరిందల్లా పచ్చిక మీద ఒక్క పూట. అదీ జరగనివ్వలేదు నేను.

కొన్నేళ్లకి మా ఆవిడ శిరీషని అదే కోటకి తీసుకెళ్లాను. ఈసారి గైడ్ ఒక కుర్రాడు. భోజనాల గదిలో ఆపిల్‌ని ఇటు తిప్పి గర్వంగా చూపించాడు. "ఈ పంటిగాటు దొరగారి చిన్నకొడుకుది. మహా అల్లరివాడట!"

అందరూ ముచ్చటపడి ఫొటోలు తీసుకున్నారు.

"పాపం, ఆకలేసిందేమో. ఇంట్లో ఎవరూ పెట్టలేదు కాబోలు," అంది శిరీష.

"పెడతానన్నారు. వాడే వద్దన్నాడు."

"నీకెలా తెలుసు?"

అప్పుడు చెప్పలేదు. ఇది చదివి తెలుసుకుంటుంది. ఆ మైనపు ఆపిల్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరైనా గిన్నె పట్టుకుని కారు దగ్గర నిలబడితే, ముందు గిన్నెని ఎక్కిస్తాను. చోటు మిగిలితేనే నేనెక్కుతాను.