మూత ఉన్న స్విచ్చి

డెబ్బైల్లో ఒకనాడు తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైల్లో, ఎదుటి సీటాయన ఒళ్లో ఇనప పెట్టె ఉంది. హైటెన్షన్ లైనుకు ఆయన కనిపెట్టిన కొత్త స్విచ్చి అట. కరెంటు గురించి నాకు తెలిసిందల్లా అది పోవడమే గనుక వింటూ కూర్చున్నాను.

“పాత స్విచ్చిలో రేకులు విడిపోవడం కళ్లారా చూశాకే లైన్‌మన్లు స్తంభం ఎక్కేవారండి. దీనికి మూత ఉంది. కరెంటు ఆగిందనడానికి పిడినే నమ్మాలి.”

“మూత తీసేస్తే పోలేదా అన్నయ్యా?”

“ఉప్పుగాలి తినేస్తుందండి.”

ఆయన పిడి దించి, మూత తీసి చూపించాడు. లోపల రేకులు విడిపోలేదు.

“ఈ లోపం పొద్దున్నే బయటపడిందండి. ఇలాంటిదే రేపల్లెలో బిగించారు. పన్నెండింటికి దాంతోనే స్టేషనుతో సహా ఊరంతటికీ కరెంటు తీసి, మా తమ్ముడు స్తంభం ఎక్కుతాడు. ఆపాలి.”

మేం దిగేసరికి పన్నెండు దాటింది. స్టేషన్లో ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆయన దాన్ని చూసి, పెట్టె వదిలేసి పరుగెత్తాడు.

ఇప్పటికీ కరెంటు పోతే ఇంట్లో అందరూ తిట్టుకుంటారు. నా మనసు మాత్రం కుదుటపడుతుంది.