సున్నం పూసిన రాళ్ళు

మొన్న సాయంత్రం మా కాలనీ ఖాళీ స్థలంలో కుర్రాళ్ళు వాలీబాల్ కోర్టుకు సున్నం గీస్తున్నారు. నడకకు వెళ్ళిన నేను ఆ గీత తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళాను. "తొక్కండి తాతా, ఏం కాదు" అని నవ్వాడొకడు. ఏం కాదని నాకూ తెలుసు. కాళ్ళు ఒప్పుకోలేదు, అంతే. ఇంటికొచ్చి టీ తాగుతున్నా మా బావే కళ్ళ ముందు ఉన్నాడు.

డెబ్భైలలో మేమిద్దరం ఒమాన్‌లో రోడ్డు పనికి వెళ్ళాం. బావ అంటే మా అక్క భర్త. నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్ళింది ఆయనే. సమాయిల్ దాటాక, కొండల మధ్య ఎండిపోయిన వాగు పక్కన మా క్యాంపు. రేకుల గదులు, నీళ్ళ ట్యాంకరు, నోట్లో ఎప్పుడూ కరకరలాడే కంకర దుమ్ము. శుక్రవారం డ్యూటీ ఉండదు. ఆ దారిలో ఉన్న కంపెనీ క్యాంపుల మధ్య ఆ ఏడు వాలీబాల్ పోటీలు పెట్టారు. మా జట్టుకు బావే కెప్టెన్. చివరి నాలుగు జట్లలోకి వస్తే కెప్టెన్‌ను అందరికంటే ముందు సెలవు మీద ఊరికి పంపిస్తానని మేనేజరు మాటిచ్చాడు. మేం బయల్దేరేనాటికి అక్క నిండు మనిషి. ఆడపిల్ల పుట్టిందని తర్వాత కబురొచ్చింది గానీ, బావ ఆ పిల్ల ముఖం చూడలేదు. అందుకే క్యాంపంతా ఆ పిల్ల కోసమే ఆడుతున్నట్టు ఉండేది.

కోర్టు కోసం వెతికితే వాగు ఒడ్డున చదునైన జాగా ఒకటి దొరికింది. అక్కడ చిన్న చిన్న రాళ్ళు నిలబెట్టి ఉన్నాయి. రెండేసి చొప్పున, మధ్య కొద్దిపాటి ఎడంతో. రోడ్డు పనివాళ్ళం కదా, నిలబెట్టిన రాయి ఏది కనిపించినా మాకు సర్వే రాయే. "గివి పాత సర్వే రాళ్లు రా. మన రోడ్డు అటు దిక్కు పోలే గదా, ఇగ వీటితోని ఏం పని?" అన్నాడు బావ. అందరం కలిసి పీకేసి, సున్నం పూసి, కొండవైపు గీత వెంబడి వరుసగా పేర్చాం. కోర్టుకు కళ వచ్చిందని మురిసిపోయాం.

ఆ కోర్టులో మాకు ఓటమి లేదు. గెలిచేకొద్దీ మా పిచ్చి ముదిరింది. 'గెలుస్తాం' అన్న మాట ఎవరి నోటా రాకూడదు, దిష్టి తగులుతుంది. "ఈసారి పోయినట్టే" అని పైకి నిట్టూరుస్తూ, లోపల బావ పెట్టె సర్దేవాళ్ళం. మొదటిసారి గెలిచిన రోజు ఆలుగడ్డ కూరలో ఉప్పు ఎక్కువైంది. ఇక ప్రతి శుక్రవారం మా వంటవాడు కడప భాయి చేత ఉప్పు ఎక్కువ వేయించుకుని, చెంబులకొద్దీ నీళ్ళు తాగుతూ తిన్నాం. నెట్ గుంజకు కట్టడానికి పచ్చి నిమ్మకాయలు దొరక్క, అక్కడివాళ్ళు ఎండబెట్టి వంటలో వేసుకునే నల్ల నిమ్మకాయలు కట్టాం.

మేమంతా క్యాంపు వైపు నీడలో కూర్చునేవాళ్ళం. కొండవైపు ఎండ సూటిగా మొహాన కొడుతుంది గనక అటు ఎవరూ ఉండేవారు కాదు. అలాంటిది ఒకరోజు బయటి జట్టువాడు సర్వీసు చేయబోయి ఆగి, ఆ వైపు చూపిస్తూ, "బచ్చోం కో హటావో భాయి" అన్నాడు. పిల్లల్ని పక్కకు పంపమంటున్నాడు. ఆ చుట్టుపక్కల పిల్లలే లేరు. ఎండకు కళ్ళు చెదిరి ఉంటాయని నవ్వుకున్నాం. ఆ తర్వాతి శుక్రవారం వేరే క్యాంపు నుంచి, మొదటి జట్టువాళ్ళ ముఖం కూడా ఎరగని జట్టు వచ్చింది. వాళ్ళలో ఒకడూ అక్కడే ఆగి అదే మాట అన్నాడు. ఈసారి ఎవరం నవ్వలేదు.

ఇంకొక్క ఆట గెలిస్తే చాలనగా, మేకలు తోలుకుంటూ ఒక ముసలాయన వచ్చి ఆ రాళ్ళ ముందు నిలబడిపోయాడు. అరబ్బీ వచ్చిన కడప భాయి వెళ్ళి చాలాసేపు మాట్లాడాడు. తిరిగి వచ్చి బావ ముందు నిలబడ్డాడు.

"ఇవి పసిబిడ్డల గోరీలంటన్నా. ఒగ ఏడు జ్వరాలొచ్చి పోయినారంట. తలకాడ ఒగ రాయి, కాళ్ళకాడ ఒగ రాయి. పేర్లు రాయరంట ఈళ్ళు. కోపమైతే లేదు. యా రాయి యా బిడ్డదో ఇప్పుడెట్ల తెలుస్తాదని అడుగుతాండాడు."

క్యాంపు రెండుగా చీలిపోయింది. ఈ ఒక్క శుక్రవారం కానిచ్చి తర్వాత పెట్టేద్దామని కొందరు. సిగ్గు విడిచి చెబుతున్నాను, అక్కను తలుచుకుని నాకూ ఆ మాటే నచ్చింది. బావ అందరి మాటా విన్నాడు. "నా బిడ్డె మొగం జూసుటానికి ఒకల బిడ్డల నెత్తిమీది రాళ్లు కావాల్నా?" అని లేచి, మొదటి రాయి తనే ఎత్తాడు. సున్నం కడిగి, పాత గుంతల్లో ఏది ఇముడుతుందో చూసుకుంటూ ముసలాయనతో కలిసి నిలబెట్టాం. ఆ ముసలాయన మాత్రం రెండు రాళ్ళను చేత్తో తడిమి గుర్తుపట్టి, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

కోర్టును క్యాంపు పక్కకు, రాళ్ళ భూమిలోకి జరిపాం. శుక్రవారం ఆట ఆఖరి పాయింటుదాకా వచ్చింది. పొద్దు వాలింది. సర్వీసు బావది. బంతి చేతిలో పట్టుకుని ఆయన ఆగిపోయాడు. ఎవరూ లేని కొండవైపు తిరిగి, ఇంట్లో అడ్డమొచ్చిన పిల్లలకు చెప్పినంత మెల్లగా, "జరుగుండ్రి బిడ్డా, తాకుతది" అన్నాడు. కాసేపు చూసి సర్వీసు చేశాడు. బంతి నెట్‌కు తగిలి మా వైపే పడింది. సర్వీసు అవతలివాళ్ళకు పోయింది, దాంతోపాటే ఆటా పోయింది. రాత్రి భోజనంలో కూర చప్పగా ఉంది, ఎవరూ ఉప్పు అడగలేదు.

అక్కడ ఎవరున్నారని తర్వాత ఒకసారి అడిగాను. బావ మోకాలికి కాస్త పైన అరచెయ్యి పెట్టి, ఇంత ఎత్తు అన్నట్టు చూపించాడు.

సెలవు మరుసటి ఏడు గానీ రాలేదు. ఇద్దరం కలిసే వెళ్ళాం. గుమ్మంలో మా మేనకోడలు అక్క కొంగు పట్టుకుని నిలబడి ఉంది, సరిగ్గా ఆయన చూపించినంత ఎత్తులో. బావ చేతులు చాచగానే జడుసుకుని అక్క వెనక్కి వెళ్ళి దాక్కుంది. ఆయన చేతులు అలాగే చాచి, చాలాసేపు గుమ్మం ముందే కూర్చున్నాడు. కాలం కొందరు పిల్లల్ని ఆ ఎత్తు దగ్గరే ఆపేస్తుంది, కొందర్ని కన్నవాళ్ళు చూడకుండానే అక్కడిదాకా పెంచేస్తుంది.