ఆరు నిమ్మకాయలు, ఒక కొబ్బరికాయ

ఇప్పుడంటే చిన్న ఊళ్ళక్కూడా జెట్ విమానాలు వెళ్తున్నాయి. మొన్న అలాంటి కొత్త సర్వీసు ఒకటి మొదలైందని పేపర్లో ఫోటో వేశారు. దండలు, నవ్వులు, జెండా అన్నీ ఉన్నాయి గానీ నా చూపు మాత్రం విమానం ముక్కు కింద నేలమీదే ఆగింది. అక్కడ ఒక్క పుల్ల కూడా లేదు. మా రోజుల్లో, కనీసం ఒక రోజున, అంత శుభ్రంగా లేదు. అందుకు కారణం నేనే. (ఆనాటి డైరీ యాప్రాల్‌లో మా ఇంటి బీరువా కింది అరలో ఇంకా ఉంది. ఇక్కడ రాసే టైములన్నీ అందులోంచి తీసినవే. జ్ఞాపకాన్ని నేను అంతగా నమ్మను.)

బేగంపేటలో ఒక విమాన కంపెనీలో చేరి అప్పటికి ఏడాది కాలేదు. సికింద్రాబాదు నేరేడ్‌మెట్‌లో ఇల్లు, అమ్మ చేతి వంట, సైకిలు మీద ఆఫీసు. ఇంత హాయిగా ఉన్నవాణ్ణి తీసుకెళ్ళి ఒక చిన్న ఊరి విమానాశ్రయంలో పడేశారు. విమానాశ్రయమంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక రేకుల హాలు, సామాను తూచే యంత్రం ఒకటి, కంచె అవతల మేకలు. వారానికి మూడుసార్లు ఒక చిన్న ప్రొపెల్లర్ విమానం గుడగుడమంటూ వచ్చి పోయేది. మిగతా రోజుల్లో హోటలు పప్పు తింటూ అమ్మ చారును తలుచుకునేవాణ్ణి. అలాంటి ఊరికి బేగంపేట నుంచి జెట్ వేస్తున్నారని ఉత్తర్వు వచ్చింది. ఆ విమానాశ్రయం చూసుకునే మా పెద్దసారు నన్ను గదిలోకి పిలిచారు. (ఆయనదీ సికింద్రాబాదే, ఆదివారం చర్చిలో పాటలు పాడేవారు. కోపం కూడా రాగం తీసినట్టే వచ్చేది.) "చూడవయ్యా, మొదటి జెట్ టైముకి ఎగిరిందా, నిన్ను బేగంపేట పంపెయ్యమని నేనే రాస్తాను. లేటయిందా, నువ్వూ నేనూ ఈ మేకల మధ్యే రిటైరవుతాం" అన్నారు.

ఆ రాత్రి నుంచే జాబితాలు మొదలుపెట్టాను. మెట్లు ఏ నిమిషానికి ఆనించాలి, సామాను ఏ నిమిషానికి దించాలి, దండలు ఎవరు పట్టుకోవాలి, అన్నీ రాశాను. అంతా అయిందనుకుంటుండగా లోడర్ల మేస్త్రి వచ్చాడు. వయసులో పెద్దవాడు, అందరం కాకా అనేవాళ్ళం. "ఏందీ సారూ, గిన్ని కాయితాలు రాసినవు, పూజ ఏడుంది? కొత్త లారీ కొంటే సుత చక్రాల కింద నిమ్మకాయలు పెడ్తం, కొబ్బరికాయ కొడ్తం. గింత పెద్ద బండి మొదటిసారి మన గడపకొస్తుంటే ఊకుంటమా?" అన్నాడు. అది నిజమేననిపించింది. చక్రాలెన్ని ఉంటాయో ఫోను చేసి కనుక్కుని, జాబితాలో "నిమ్మకాయలు ఆరు, కొబ్బరికాయ ఒకటి" అని చేర్చాను. పెద్దసారు చదివి, "ముందు నా ప్రార్థన, తరవాత మీ కొబ్బరికాయ" అని సంతకం పెట్టారు. ఈ సంగతి పైలటుకు కూడా చెప్పాలన్న ఆలోచన మాత్రం ఒక్కరికీ రాలేదు. ఇదంతా ఇంటికి రాస్తే అమ్మ దగ్గర్నుంచి జవాబొచ్చింది: "బిడ్డా, కొబ్బరికాయ కొడితే మొదటి ముక్క నాకు పంపియ్యి. ఆ విమానం ఈడికే వస్తది గద."

జెట్ చెప్పిన టైముకే దిగింది. ఊరంతా కంచె పట్టుకుని నిలబడింది. వచ్చినవాళ్ళు దిగారు, వెళ్ళేవాళ్ళు హాల్లో వరసకట్టారు. చక్రాల కింద ఆరు నిమ్మకాయలు పెట్టాం. పెద్దసారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. కాకా కొబ్బరికాయను మూడుసార్లు తిప్పి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి విమానం ముక్కు ముందర నేలకేసి కొట్టాడు. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లు ఆగకముందే మీసాల కెప్టెన్ మెట్లు దిగి పరుగున వచ్చాడు.

"ఏమిటది? కొబ్బరికాయా?"

"శుభానికి సార్" అన్నాను.

"ఆ ఇంజన్ నోరు చూశారా? నేలమీద చెంచా ఉన్నా లోపలికి లాగేసుకుంటుంది. ప్రతి ముక్కా దొరికేదాకా నేను స్టార్ట్ చెయ్యను."

ఆ తరవాత దృశ్యం నేను వర్ణించలేను గానీ వర్ణిస్తాను. పెద్దసారు, లోడర్లు, దండలు పట్టుకున్న పెద్దమనుషులు, అందరం సిమెంటు నేలమీద మోకాళ్ళ మీద పాకాం. నిమ్మకాయలతో గొడవే లేదు, ఆరు పెట్టాను, ఆరు తీశాను. కొబ్బరికాయ దగ్గరే దెబ్బతిన్నాను. ఒకటి అని రాసుకున్నాను గానీ, పగిలాక ఎన్ని ముక్కలవుతుందో ఎవరు రాస్తారు? చివరికి నాకే ఒక పద్ధతి తోచింది. దొరికిన ముక్కలన్నీ సామాను బండి మీద పోసి మళ్ళీ కాయలా పేర్చమన్నాను. కాకా నాలుక కొరుక్కుంటూ, "జెర ఆగుండ్రి, పరేషాన్ చెయ్యకుండ్రి" అంటూ పేర్చాడు. కాయ నిలబడింది, రెండు వేళ్ళ వెడల్పు సందు మిగిలింది.

"గీడ ఒక తునక తక్కువుంది సారూ."

మళ్ళీ పాకాం. బేగంపేట నాకు నిమిషానికి ఒక మైలు చొప్పున దూరమైపోతోంది. "నీ డైరీ తియ్యవయ్యా, ఎవరెక్కడున్నారో చదువు" అన్నారు పెద్దసారు. నా డైరీకి ఇన్నాళ్ళకు గౌరవం దక్కిందని గొంతు సవరించుకుని గట్టిగా చదివాను. "పదీ పదకొండు, నిమ్మకాయలు ఆరు. పదీ పదమూడు, ప్రార్థన. పదీ పదహారు, కొబ్బరికాయ. పదీ పదిహేడు, అమ్మకు మొదటి ముక్క, రుమాల్లో చుట్టి..."

చెయ్యి దానంతటదే ప్యాంటు జేబులోకి వెళ్ళింది.

"నీ జేబుల పెట్టుకొని మమ్మల్ని పాకిపిస్తున్నవా సారూ!" అన్నాడు కాకా. కంచె అవతల ఊరంతా నవ్వింది. ముక్కను సందులో పెట్టి చూశారు, అచ్చంగా సరిపోయింది. కెప్టెన్ దాన్ని తీసి, రుమాలుతో తుడిచి, చిప్ప వేరుచేసి నోట్లో వేసుకున్నాడు. తీరిగ్గా నమిలి, "ఇక ఇది ఎక్కడుందో నాకు గట్టిగా తెలుసు" అని మెట్లెక్కాడు.

జెట్ ఇరవై నాలుగు నిమిషాలు లేటుగా ఎగిరింది. రిజిస్టర్లో ఆలస్యానికి కారణం రాయాలి. గాలి అనో, మేకలు అనో రాయొచ్చు. చెయ్యి రాలేదు. "కొబ్బరి ముక్క, నా జేబు" అని రాసి పెద్దసారు ముందు పెట్టాను. ఆయన చదివి సంతకం పెట్టారు. ఆ సాయంత్రం మేకల పేర్లు తెలుసుకోవడం మొదలుపెట్టాను. (ఇక వాటితోనే కదా బతకాలి.) పది రోజులకు బేగంపేట బదిలీ ఉత్తర్వు వచ్చింది. దానితో పాటే పెద్దసారు రాసిన ఉత్తరం నకలు: "ఈ అబ్బాయి తన తప్పును కూడా నిమిషంతో సహా రాసుకుంటాడు. ఇలాంటివాడు రికార్డుల గదిలో ఉండాలి. దయచేసి విమానాలకు దూరంగా." నా ఉద్యోగమంతా ఆ గదిలోనే సుఖంగా గడిచింది. అమ్మ సంతోషించింది గానీ ఒక్క మాట మాత్రం చివరిదాకా వదల్లేదు. "అంత మంచిగనే ఉంది గని, నా ముక్క ఆ పైలటు ఎట్ల తింటడు?"

పోయిన నెల మా మనవరాలు కారు కొంది. గేటు ముందు కొబ్బరికాయ కొట్టగానే నాకు తెలియకుండానే కిందికి వంగాను. "తాతా, ఇది కారు. జెట్ కాదు" అని నవ్వింది. తెలుసమ్మా అన్నాను. అన్నానే గానీ, మోకాళ్ళు పట్టుకుని ముక్కలన్నీ ఏరాను. మొదటి ముక్క రుమాల్లో చుట్టి లోపలికి తీసుకెళ్ళి అమ్మ ఫోటో ముందు పెట్టాను. తరవాత డైరీ తీశాను. "ఉదయం పదీ ఇరవై. అమ్మకు మొదటి ముక్క అందింది. ఆలస్యం: నలభై ఏళ్ళ పైన. కారణం: నా జేబు."