మొదట్నుంచి మేడం

మా రికార్డుల సెక్షన్ మేడంకి ఏదైనా సరే మొదట్నుంచి చెప్పకపోతే తోచదు. టైమెంతయిందండీ అని అడిగితే, ఆ గడియారం కొన్న రోజు దగ్గర్నుంచి ఎత్తుకుంటారు. తొమ్మిదేళ్ళు ఆవిడ పక్క కుర్చీలో కూర్చున్నదాన్ని కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్తున్నాను.

వచ్చిన ఉత్తరాలన్నీ ఇకపై పుస్తకంలో కాకుండా కంప్యూటర్లో ఎక్కించాలని పైనుంచి ఆర్డరొచ్చింది. నెలాఖర్న పరీక్ష, తప్పితే ఊరి చివర గోదాముకి బదిలీ. మేడం భోజనాల వేళ అరగంట క్లాసు పెట్టారు. స్విచ్చి వెయ్యడం నుంచి ఉత్తరం సేవ్ చేసేదాకా పాఠమంతా కలిపి పావుగంట. కానీ ఎవరైనా ఆలస్యంగా వచ్చి తలుపు తోశారో, ఆవిడ ఆగిపోయేవారు.

"రండి, కూర్చోండి. మొదట్నుంచి చెప్తాను. ఇది స్విచ్చి."

"సోమవారం నుంచీ స్విచ్చే చూస్తున్నాం మేడం," అన్నాను.

"చూస్తే సరిపోదమ్మా, నొక్కాలి."

రోజూ ఎవరో ఒకరు ఆలస్యం. ఓ రోజు టైపిస్టు, ఓ రోజు డ్రైవరు. ఒకసారైతే ఫ్యాను బాగుచెయ్యడానికొచ్చిన ఎలక్ట్రీషియన్ని కూర్చోబెట్టి, స్విచ్చి ఎలా వెయ్యాలో నేర్పారు. పాపం, అతను వినయంగా కాగితం మీద రాసుకున్నాడు.

అందరం విసిగిపోయాం, ఒక్క తపాలా బాబాయిగారు తప్ప. ముప్ఫై ఏళ్ళుగా తపాలా పుస్తకం రాసిన చెయ్యి ఆయనది. రిటైర్మెంటుకి రెండేళ్ళుంది. గోదాముకి వేస్తే రెండు బస్సులు మారాలి, ఆ మోకాళ్ళతో. అర్థమైందా అని అడిగితే అందరికంటే ముందు తలూపేసేవారు. స్క్రీన్ మీద బాణం ఎటు పోయిందో వెతుక్కుంటూనే. ఆయన్ని చూస్తే నాకు గుబులుగా ఉండేది.

రెండో వారంలో మేడం నా కుర్చీ దగ్గరికి వంగి, "రేపు నువ్వు పావుగంట ఆలస్యంగా రా," అన్నారు.

"ఎందుకండీ?"

"ఇవాళ టైపిస్టు ఆలస్యంగా వచ్చిందిగా. మళ్ళీ ఆ పిల్లే వస్తే బాగుండదు."

నేను నోరు తెరిచాను. "వీళ్ళందర్నీ మీరే ఆలస్యంగా రమ్మంటున్నారా?"

"బాబాయిగారు మళ్ళీ చెప్పమని అడగరమ్మా. పిల్లల వయసు వాళ్ళ ముందు ఎలా అడుగుతారు? ఇంకో నాలుగుసార్లు వింటే ఆయనకి పట్టుబడిపోతుంది."

"మరి ఆ ఎలక్ట్రీషియను?"

"ఫ్యాను బాగానే ఉంది," అన్నారు మేడం, పెరుగు కలుపుకుంటూ.

ఇన్నాళ్ళూ ఆవిణ్ణి చూసి నవ్వినందుకు సిగ్గేసింది. మర్నాడు పావుగంట వరండాలో నిలబడి మరీ లోపలికెళ్ళాను. అందరూ నన్ను కొరకొరా చూశారు. నాకు మాత్రం హాయిగా ఉంది.

పరీక్షలో బాబాయిగారు పాసయ్యారు, నాకన్నా ఆరు మార్కులు ఎక్కువ తెచ్చుకుని. ఆ మధ్యాహ్నం నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించారు.

"మేడం మనసు మంచిదేనమ్మా. కాస్త మతిమరుపు, అంతే. చెప్పిందే చెప్తారు. కాదంటే నొచ్చుకుంటారని రోజూ ఓపిగ్గా విన్నాను."

ఆయన వెనకే మేడం నిలబడి ఉన్నారు.

"నిజమేనండీ," అన్నారావిడ. "మీరంత ఓపిగ్గా వినబట్టే, నేను పాఠం చెప్పగలిగాను."